ఒకే డబ్బాలో రెండు రకాల తూటాలు

వ్యోమింగ్,
నవంబరు నెలాఖరు, ఆదివారం.

అక్కకు,

నీ చెల్లెలు సరోజ నమస్కారాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఈ చలికి ఎలా ఉన్నాయో రాయి. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అంటే ఒంట్లో బాగానే ఉందని అర్థం చేసుకో. మనసు సంగతి కింద రాస్తాను. అది ఎప్పుడూ రాసే ఆ నీలం ఎయిర్‌మెయిల్ కాగితంలో పట్టదు, అందుకే తెల్ల కాగితాలు తీసుకుని కూర్చున్నాను. ఈ ఒక్క ఉత్తరం మాత్రం బావగారికి చదివి వినిపించకు. నవ్వుతారు.

నీ మరిదికి గనిలో పని బాగానే సాగుతోంది. కొత్తగూడెంలో లాగా భూమిలోకి దిగేది లేదు, ఇక్కడ పైనుంచే కొండంత గొయ్యి తవ్వుతారు. బొగ్గు అదే, మసి అదే, ఉతకడం నాదే. చలి గురించి రాసి రాసి నాకే విసుగొచ్చింది. తలుపు తీస్తే గాలి చెంప మీద కొడుతుంది. మన మాట మాట్లాడే మనిషి కావాలంటే నాలుగు గంటలు కారు నడపాలి. సుధ బడికి, ఆయన గనికి వెళ్ళాక నేనూ, రేడియో. రేడియోలో ఎప్పుడూ గొడ్ల ధరలే చెబుతారు. బెంగపడకు, అలవాటైపోయింది. అన్నం, పప్పు దొరుకుతున్నాయి. గోంగూర మాత్రం దొరకదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కరోల్ అని ఒకావిడ గురించి పోయిన ఉత్తరంలో ఒక ముక్క రాశాను. గనిలో సర్వే చేస్తుంది, నీ మరిదితో పాటే పని. నలభై దాటి ఉంటాయి, మొగుడితో తెగతెంపులు చేసుకుంది, ఒక్కతే ఉంటుంది. పొడుగ్గా, ఎండకు కందిన ముఖంతో, మగాడి చొక్కాలు వేసుకుని తిరుగుతుంది. అందగత్తె అని చెప్పను. అందగత్తె అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు, ఎందుకంటే అప్పుడు ఆయన్ని తిట్టడానికి ఒక కారణం దొరికేది.

ఆవిడ ఆయన్ని 'వెన్' అని పిలుస్తుంది. వెంకటేశ్వర్లు నోరు తిరగదట, అందుకని వెన్. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఆయన పేరు నోటితో అనలేదు. వ్రతంలో పంతులుగారు అడిగినప్పుడు కూడా నేను సిగ్గుపడుతుంటే నువ్వే చెప్పావు, గుర్తుందా? ఆ పేరును ఈవిడ ముక్క విరిచి, మా వంటింట్లో నిలబడి, నేను కాచిన టీ తాగుతూ, వెన్, వెన్ అంటుంటే నాకు ఒళ్ళు మండేది. పైగా మా సుధ, "కరోల్ ఆంటీ ఎప్పుడొస్తుందమ్మా?" అని రోజూ నన్నే అడిగేది.

ఇక్కడ ఆకురాలే కాలం వచ్చిందంటే ఊరు ఊరంతా వేటకు పోతుంది. ఎల్క్ అని ఒక జంతువు. మన అడవుల్లో కణుజు దుప్పి లాంటిదే కానీ ఎద్దంత ఉంటుంది, కొమ్ములు చెట్టు కొమ్మల్లా పైకి లేచి ఉంటాయి. లైసెన్సు తీసుకుంటే ఏడాదికి ఒకదాన్ని కొట్టుకోవచ్చు. వేటగాళ్ళు ఒకరినొకరు చూసి జంతువనుకుని కాల్చుకోకుండా ముదురు నారింజ రంగు కోటు తొడుక్కోవాలి. కాషాయం కట్టి ప్రాణం తీయడం నేను ఈ దేశంలోనే చూశాను.

ఇంట్లో బొద్దింకను చంపమంటే చెప్పు నా చేతికిచ్చే మనిషి, కరోల్ మాటలు విని తుపాకీ కొంటానన్నారు. కొంటే కొన్నారు, ఏ రకం తూటా పేలే తుపాకీ కొనాలన్నది రెండు నెలల చర్చ. మన పెళ్ళిసంబంధాలకు కూడా ఇంత చర్చ జరగలేదు. థర్టీ-ఆట్-సిక్స్ అని పాతకాలం తూటా ఒకటుందట. దాని మెడ నొక్కి సన్నం చేస్తే టూ-సెవెంటీ అనే తూటా వచ్చిందట. కాస్త తక్కువగా నొక్కితే టూ-ఎయిటీ వచ్చిందట. అంటే ఇవి రెండూ ఒకతల్లి పిల్లలే. ఆ టూ-ఎయిటీకి మొన్నీమధ్య పేరు మార్చి, జనం తికమక పడుతున్నారని మళ్ళీ పాత పేరే పెట్టారట. రెండూ పక్కపక్కన పెడితే నీకూ నాకూ తేడా తెలియదు. మన మేనత్త నన్ను నీ పేరుతో పిలిచేది చూడు, అలాగ.

కరోల్‌ది టూ-సెవెంటీ. వాళ్ళ నాన్న ఇచ్చిన తుపాకీ.

"గుండు తేలిక, వేగం ఎక్కువ. దూరం పోయినా కిందికి జారదు వెన్. భుజానికి దెబ్బ కూడా తక్కువ" అనేది.

"టూ-ఎయిటీ అయితే బరువైన గుండు వెయ్యొచ్చు కదా. ఎల్క్ సైజుకి అదే సేఫ్" అని ఈయన.

"ఎంత బరువన్నది కాదు. ఎక్కడ తగిలిందన్నది చూడు. రెండింటికీ ఉన్న తేడా ఆ ఎల్క్‌కి తెలియదు."

అని ఇద్దరూ నవ్వుకునేవారు. ఈయన పేపరు అంచుల మీద గీతలు గీసి, ఇంత దూరానికి గుండు ఇన్ని అంగుళాలు జారుతుంది అని లెక్కలు వేసి చూపించేవారు. ఆవిడ పెన్సిలు లాక్కుని కొట్టేసేది. నేను వేడివేడి పకోడీలు తెచ్చి మధ్యలో పెడితే, పళ్ళెం కింద గీతలు కనపడటం లేదని పక్కకు జరిపారు. ఎవరు జరిపారో చెప్పనా? ఈయనే.

నాతో ఆయన ఏం మాట్లాడతారో తెలుసా? "పాలు తెచ్చావా", "హీటర్ పెంచావా", "సుధ హోంవర్క్ చేసిందా". అంతే. నాకు ఆ తూటాల మీద కుళ్ళు అక్కా. మనిషి మీద కుళ్ళు పుట్టడం నువ్వు విని ఉంటావు, ఇత్తడి ముక్కల మీద పుట్టడం ఎక్కడైనా విన్నావా? ఒకరోజు ఆవిడ లేనప్పుడు, "ఏవండీ, ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకూ చెప్పండి" అని అడిగాను. "నీకెందుకే ఆ గొడవ, కందకు లేని దురద కత్తిపీటకా?" అన్నారు. మింగలేక కక్కలేక ఊరుకున్నాను.

చివరికి టూ-ఎయిటీయే కొన్నారు. ఆవిడ మాట కాదన్నారని నాలుగు రోజులు సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషం కూడా నిలవలేదు. ఇప్పుడు ఎవరిది గొప్పో తేల్చుకోవాలని శనివారం శనివారం గురి కొట్టే మైదానానికి ఇద్దరూ కలిసి వెళ్ళడం మొదలుపెట్టారు.

అలా ఒక శనివారం వానలో తడిసి వచ్చారు. టీ తాగి ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ సంచీ ఇక్కడే ఉండిపోయింది. ఆయన నిద్రకు పోతూ, "ఆ సామాను కాస్త సర్ది పెట్టు సరోజా" అన్నారు. చూద్దును కదా, అట్టపెట్టెలు తడిసి చీలిపోయి, తూటాలు నేల మీద దొర్లుతున్నాయి. నా సంగతి నీకు తెలుసు. నా ఇంట్లో ఏ సరుకూ వచ్చిన పొట్లంలో రాత్రి గడపదు. పప్పయినా, ఆవాలయినా కొట్టు నుంచి రాగానే డబ్బాలోకి పోవాల్సిందే. మన అమ్మ పెంపకం అది. నా కాపురానికి నువ్వు పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు డబ్బాల్లో ఒకటి ఖాళీగా ఉంది. తూటాలన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఆయన పెట్టెలోవీ, ఆవిడ సంచీలోవీ అందులో పోసి, మూత పెట్టి, సుధకు అందకుండా బీరువా పైన పెట్టాను. అన్నీ ఒకటే అనుకున్నాను. తుడుస్తున్నప్పుడు ఎంత శుభ్రంగా చేస్తున్నానో అని మురిసిపోయాను కూడా. పొద్దున ఆయనకు చెప్తే, పేపరులోంచి తల ఎత్తకుండా "మంచి పని చేశావు" అన్నారు.

వేట రోజులు వచ్చాయి. ఆయనా, ఆవిడా, గనిలో పనిచేసే ఇంకో ముసలాయనా కలిసి కొండల్లోకి వెళ్ళారు. డేరాలు వేరేనని నేను అడగకముందే చెప్పారు. అడగకముందే ఎందుకు చెప్పారా అని నేను మూడు పూటలు ఆలోచించాను. డబ్బాలోంచి గుప్పెడు తూటాలు జేబులో పోసుకుని బయలుదేరారు. నేను పులిహోర కట్టి ఇచ్చాను. వాళ్ళు వెళ్ళగానే దేవుడి పటం ముందు నిలబడి, స్వామీ, ఆయన క్షేమంగా రావాలి, ఎల్క్ మాత్రం దొరక్కూడదు అని దణ్ణం పెట్టుకున్నాను. దొరికితే ఆ కొమ్ములు మా హాల్లో గోడ మీదకు వస్తాయి. వచ్చిన వాళ్ళందరికీ ఆవిడా, ఈయనా కలిసి చెప్పే కథ అవుతుంది. కాఫీలు ఇస్తూ ఏడాది పొడుగునా నేను వినాలి.

మర్నాడే తిరిగి వచ్చారు. కుడి చెంప నల్లగా ఉంది, ఆ కన్ను ఎర్రగా వాచి ఉంది. "ఏమైందండీ?" అన్నాను. బీరువా మీది డబ్బా తీసి, భోజనాల బల్ల మీద బోర్లించారు. ఒక్కో తూటా ఎత్తి అడుగు చూసి, ఇటు కొన్ని, అటు కొన్ని పెట్టడం మొదలుపెట్టారు.

జరిగింది ఇది. తెల్లవారుతుండగా వాగు దాటి పెద్ద ఎల్క్ వచ్చి, ఎదురుగా పక్కకు తిరిగి నిలబడిందట. ఈయన కాల్చారట. గుండు ఎటో పోయింది, ఎల్క్ వెళ్ళిపోయింది, తూటా పెట్టి మూసే తుపాకీ గడియ సందులోంచి వేడి పొగ ముఖాన కొట్టింది. గడియ లాగితే ఖాళీ తూటా మెడ చీలి, ఉబ్బి బయటికి వచ్చింది. కరోల్ దాన్ని తీసుకుని అడుగున చూసి చెప్పిందట, ఇది నా టూ-సెవెంటీ, నీ తుపాకీలో ఎలా పడింది అని. తూటా అడుగున చుట్టూ సన్నని అక్షరాలతో దాని రకం చెక్కి ఉంటుందట అక్కా. గిన్నె గిన్నెకీ పేరు చెక్కించుకునే వాళ్ళం, అది నాకు తోచనే లేదు. టూ-సెవెంటీ కాస్త సన్నం కాబట్టి టూ-ఎయిటీ తుపాకీలో దూరిపోతుంది, కానీ వదులుగా ఉండి చీలిపోతుంది. కళ్ళద్దాలు ఉన్నాయి కాబట్టి కన్ను నిలిచింది.

అప్పుడు ఆయన తల ఎత్తి నన్ను చూసి అడిగారు, "తెలిసే చేశావా?" అని.

నాకు మొదట అర్థం కాలేదు.

"ఏం తెలిసి?"

"ఆవిడంటే నీకు పడదు కదా. మాకు గొడవ రావాలనో, వేట చెడిపోవాలనో..."

"మీ కన్ను పోవాలని నేను చేస్తానా? నా మొగుడి కన్ను?"

ఆయన మళ్ళీ తూటాలు ఏరుకున్నారు. ఎల్క్ దొరక్కూడదని మొక్కుకున్న సంగతి ఒక్కటి నా లోపల ఉంది కదా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నిలబడిపోయాను. కానీ అక్కా, నీ మీద ఒట్టు, అమ్మ మీద ఒట్టు, నాకు తెలియదు. నువ్వైనా నమ్ముతావు కదా.

ఆ రోజు నుంచి మాటలు మానేశాను. వండాను, వడ్డించాను, కంటికి చుక్కలు వేశాను, నోరు మాత్రం విప్పలేదు. ఆయనా విప్పలేదు. సుధ మా ఇద్దరి మధ్యా రాయబారం నడిపింది. రాత్రిళ్ళు ఒకటే అనుకునేదాన్ని, ఇన్నాళ్ళు పక్కన పడుకున్న మనిషికి నేను ఎటువంటిదాన్నో తెలియదా అని. టికెట్ కొనుక్కుని నీ దగ్గరకు వచ్చేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

వారం తిరక్కుండానే కరోల్ వచ్చింది. ఆవిడకు ఆడ ఎల్క్ దొరికిందట, మాంసం కాగితాల్లో చుట్టి తెచ్చింది. మా ముఖాలు చూసి సంగతి గ్రహించినట్టుంది. ఆయన తలదించుకుని, కావాలని చేసిందేమోనని తన అనుమానం చెప్పేశారు, నా ఎదుటే. ఆవిడ కోపం అప్పుడు చూడాలి.

"వెన్, నీకు మతి ఉందా? మూడు నెలల నుంచి తుపాకీ ఈ ఇంట్లో ఉంది. ఒక్కసారైనా తూటా అడుగు తిప్పి ఈమెకు చూపించావా? నింపేముందు ప్రతి తూటా చూసుకోవాలని మొదటి రోజే చెప్పాను. నువ్వు చూసుకోలేదు. సంచీ మరిచిపోయింది నేను. ఈమె ఇల్లు సర్దుకుంది, అంతే. తప్పు మన ఇద్దరిదీ. సారీ చెప్పు."

ఆయన ముఖం మాడిపోయింది. "సారీ సరోజా, నిజంగా సారీ" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఉంది చూడు. ఇక్కడ తోడికోడలు నవ్వలేదు, నా తరఫున మాట్లాడింది. అది ఇంకా మండింది. నాకు ఏమీ తెలియదని ఆయనకు తెలిసి ఉండాలి. ఆయన నోట రావాల్సిన మాట ఈవిడ నోట ఎందుకు రావాలి? నేను ఇన్నాళ్ళు తిట్టుకున్న మనిషి నన్ను అర్థం చేసుకుంది. కట్టుకున్నవాడికి చేతకాలేదు. చెప్పు, ఎవరి మీద కోపం తెచ్చుకోను?

"నేనూ నేర్చుకుంటాను" అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన కంగారుపడ్డారు. ఆవిడ మాత్రం, "గుడ్. శనివారం రా" అంది.

వెళ్ళాను. చీర మీద ఆయన పాత కోటు తొడుక్కుని, చెవుల్లో దూది పెట్టుకుని నిలబడ్డాను. మొదటి దెబ్బకు భుజం విరిగిందనుకున్నాను. రాత్రి ఆయన వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టారు. పెళ్ళయ్యాక ఆయన నాకు కాపడం పెట్టడం అదే మొదలు. రెండో వారానికి రేకు డబ్బాలు పడగొట్టాను. కరోల్ చప్పట్లు కొట్టింది. బాగా నేర్పుతుంది, కసురుకోదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆవిడ నేర్పిన సంగతే ఇంకొకటి ఉంది. టూ-సెవెంటీ మా తుపాకీలో దూరుతుంది కానీ, టూ-ఎయిటీని ఆవిడ తుపాకీలో పెడితే గడియే పడదట. అలా పొరపాటు జరగకూడదనే చేసినవాళ్ళు ఆ తూటా మెడ కింద భుజంలా ఉండే వంపును కాస్త ముందుకు జరిపారట.

నిన్న నాకు తుపాకీ చూడటానికి ముగ్గురం దుకాణానికి వెళ్ళాం. ఒకే కంపెనీవి, ఒకే కర్రవి, ఒకేలాంటివి రెండు బల్ల మీద పెట్టాడు దుకాణం ఆయన. ఒకటి టూ-సెవెంటీ, ఒకటి టూ-ఎయిటీ.

"టూ-సెవెంటీ తీసుకో. నీ భుజానికి దెబ్బ తక్కువ" అంది కరోల్.

"అవును సరోజా, నీకు అదే లైట్‌గా ఉంటుంది" అన్నారు ఈయన. చర్చంతా చేసి టూ-ఎయిటీ కొనుక్కున్న మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పక్షం చేరారు.

నేను రెండూ ఎత్తి చూసి, టూ-ఎయిటీ ముందుకు జరిపాను.

"ఎందుకే? నొప్పి పుడుతుందని ఏడుస్తావు మళ్ళీ."

"పుట్టనివ్వండి. ఇంట్లో ఒకటే రకం ఉంటే మళ్ళీ కలిసిపోయే భయం ఉండదు కదా" అన్నాను. దుకాణం ఆయన బాగా చెప్పారన్నాడు. ఈయన కూడా నిజమేనన్నారు. కరోల్ మాత్రం కాసేపు నా వంకే చూసింది. తర్వాత చిన్నగా నవ్వి, "ఎస్, మీ ఇంటికి అదే కరెక్ట్" అంది. ఇంటికి వచ్చాక నేను అడక్కుండానే, ఆ రోజు ఆయన విడిగా ఏరి పెట్టిన తన టూ-సెవెంటీలన్నీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ 'వెన్' అనకుండా మొదటిసారి 'మిస్టర్ వెంకటేశ్వర్లు' అంది ఆయన్ని. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు.

ఈ పూట ఈయన పేపరు అంచు మీద గీతలు గీసి, గుండు ఎలా జారుతుందో నాకు చెప్పారు. నాకు సగం అర్థమైంది, పూర్తిగా అర్థమైనట్టు తల ఊపాను. పకోడీల పళ్ళెం జరపలేదు. మా మీద బెంగ పెట్టుకోకు. వచ్చే ఏడు నేనూ కొండకు వెళ్తానేమో. ఎల్క్ ఎదురొస్తే కాలుస్తానో, పారిపోతానో తెలియదు.

అమ్మకు నా తరఫున పాదాలు తాకి చెప్పు, సరోజ కాపురం చక్కగా ఉందని. తుపాకీ ఊసెత్తకు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే ఎండు గోంగూర పంపు. మేం చల్లగా ఉండాలని నువ్వూ ఒక కొబ్బరికాయ కొట్టు.

నొప్పి తక్కువదాన్ని వదిలి నొప్పి ఎక్కువదాన్ని ఎందుకు ఎంచుకున్నానో నీకు ఒక్కదానికే చెప్తున్నాను. ఇప్పుడు ఆయన జేబులో తూటా నా తుపాకీలో పేలుతుంది, నా జేబులోది ఆయన తుపాకీలో పేలుతుంది. మా ఇద్దరివీ పట్టుకెళ్ళి ఆవిడ తుపాకీలో పెడితే మాత్రం గడియ పడదు. ఈసారి తెలిసే చేశాను అక్కా.

నీ చెల్లెలు
సరోజ